డీ అండ్ డీ మొదటి పుస్తకాలు తలాతోకా లేకుండా ఉన్నాయి, మరి జనం ఎలా ఎగబడ్డారు?

పాచికల_పాపారావు
డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే ఒకడు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా పాచికలు వేస్తూ ఆడే ఆట. దానికి 1974లో మొట్టమొదట అచ్చేసిన మూడు చిన్న పుస్తకాలు పీడీఎఫ్‌లో కొని చదవడం మొదలుపెట్టా. తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

కొట్లాట ఎలా ఆడాలిరా బాబూ అంటే చెయిన్‌మెయిల్ అనే వేరే పుస్తకం చూసుకో అంటాడు. ఊరు దాటి అడవిలో పడాలంటే అవలాన్ హిల్ వాళ్ల అవుట్‌డోర్ సర్వైవల్ అనే ఆట కొని దాని బోర్డు వాడుకో అంటాడు. అది ఇంకో కంపెనీది! పది డాలర్లు పోసి డబ్బా కొన్నవాడు మళ్లీ కొట్ల చుట్టూ తిరగాలన్నమాట. ఇద్దరు తలపడితే ముందు ఎవరి దెబ్బ అన్న ముక్క కూడా తిన్నగా చెప్పలేదు.

ఇలాంటి దానికి జనం ఎందుకు ఎగబడ్డారు? అప్పట్లో వేరే ఆటలు లేకనా? లేక ఈ కీర్తి అంతా స్ట్రేంజర్ థింగ్స్ అనే టీవీ సిరీస్ పుణ్యమా?

ఉప్మా_వ్యతిరేక_సమితి
రెండో పుస్తకంలో రాక్షసుల పట్టిక ఉంటుంది. అది చదువుతూ పడుకో, ముందు దెబ్బ నిద్రదే.

పాతపేపర్లు
ఎగబడ్డారు అన్నదగ్గరే ఆగాలి. మొదటి ముద్రణ వెయ్యి డబ్బాలు. అవి అయిపోవడానికే ఏడాది దగ్గర పట్టింది. ఎగబడడం అంటే అది కాదు కదా.

ఈ ఆట రాసి అచ్చేసిన గ్యారీ గైగాక్స్‌ది విస్కాన్సిన్‌లో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. బీమా కంపెనీలో ఉద్యోగం 1970లో పోయింది. తర్వాత ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని చెప్పులు, బూట్లు బాగుచేసేవాడు. అవలాన్ హిల్ వాళ్లు ఈ ఆట మాకొద్దన్నారు. అప్పుడు చిన్ననాటి స్నేహితుడు డాన్ కేతో కలిసి 1973 అక్టోబర్‌లో టాక్టికల్ స్టడీస్ రూల్స్ అని సొంత కొట్టు పెట్టుకున్నాడు. అదే టీఎస్ఆర్. ఆట అచ్చేయడానికి మాత్రం డబ్బుల్లేవు. బ్రయన్ బ్లూమ్ వచ్చి పెట్టుబడి పెట్టాకే డబ్బాలు బయటికొచ్చాయి. చెక్క డిజైన్ కాగితం అంటించిన డబ్బాలు, వాటి మీద చేత్తో అతికించిన లేబుళ్లు, ఇంట్లోనే కూర్చుని సర్దుకున్న సరుకు.

కొన్నవాళ్లెవరు? యుద్ధాల ఆటలు ఆడే పాత కాపులు. వాళ్ల అల్మరాలో చెయిన్‌మెయిల్ ఉంది, అవుట్‌డోర్ సర్వైవల్ ఉంది. వాళ్లకి ఆ పుస్తకం తలాతోకా లేనిదేం కాదు. నువ్వు యాభై ఏళ్ల తర్వాత వచ్చి అల్మరా లేకుండా చదువుతున్నావ్, అదీ తేడా.

సంశయాత్మ
సరే, మొదటి వెయ్యి డబ్బాల లెక్క తేలింది. ఆ తర్వాత? సైనికుల బొమ్మలు పేర్చి ఆడుకునే పెద్దమనుషులు దేశం మొత్తం వెతికినా ఎంతమంది ఉంటారు? కాలేజీ కుర్రాళ్లు, బడి పిల్లలు ఎక్కడినుంచి ఊడిపడ్డారు? వాళ్ల దగ్గర అల్మరా లేదు కదా.

మిల్వాకీ_మామయ్య
నేను చూసింది చెప్తా. 80ల మధ్యలో ఎమ్మెస్‌కి వచ్చా ఇక్కడికి. మా అద్దె ఇంటి కింద బేస్‌మెంట్‌లో శుక్రవారం రాత్రి మొదలెడితే శనివారం పొద్దున దాకా ఆడేవాళ్లు. అప్పటికి కొత్త పుస్తకాలు చాలా వచ్చేశాయి. కానీ బల్ల మీద పుస్తకం ఎవరూ తెరవగా చూళ్లేదు. ఆడించేవాడి దగ్గర ఒక స్ప్రింగు నోటుబుక్కు ఉండేది. సగం రూల్స్ వాడి అన్న చెప్పినవి, ఆ అన్నకి ఎవరో సీనియర్ చెప్పినవి. నన్ను కూర్చోబెట్టి ఒక కాగితం చేతిలో పెట్టి "నువ్వు దొంగవి, తలుపు దగ్గర ఉన్నావు, ఏం చేస్తావు?" అన్నాడు. అంతే. రూల్స్ ఏవీ అని అడిగితే "ఏం చేస్తావో చెప్పు, ఎలా చేయాలో నేను చూసుకుంటా" అన్నాడు.

కాబట్టి సంశయాత్మ గారూ, ఈ ఆటని చదివి నేర్చుకున్నవాళ్లు తక్కువండీ. సంగీతం పాఠంలా ఎదురుగా కూర్చుని పట్టుకోవాల్సిందే. పుస్తకం అర్థంకాకపోవడం వల్లే తెలిసినవాడి వెంట పడాల్సొచ్చేది. వాడు ఒకడు నలుగురికి నేర్పితే, ఆ నలుగురూ తలా ఒక ఊరు పోయి అక్కడ ఇంకో బల్ల వేసేవాళ్లు.

ఇంకో మాట, నవంబర్ నుంచి మార్చి దాకా విస్కాన్సిన్‌లో బయట చేసే పని ఏముంటుంది చెప్పండి.

ఉప్మా_వ్యతిరేక_సమితి
మామయ్యా, అయితే రాజమండ్రి ఎండల్లో కూడా ఇది పుట్టాల్సింది. బయట చేసే పని అక్కడా లేదు.

లెక్కల_మాస్టారు
మామయ్యగారి మాటకి సాక్ష్యం కావాలంటే ఫీనిక్స్ వెళ్లండి. అరిజోనాలో కెన్ సెయింట్ ఆండ్రీ అని ఒకాయన ఈ పుస్తకాలు చూసి, "ఐడియా అద్భుతం, రూల్స్ మాత్రం నా వల్ల కాదు" అనుకుని తనే ఇంకోటి రాసుకున్నాడు. అదే టనెల్స్ అండ్ ట్రోల్స్, 1975. మామూలు ఆరు ముఖాల పాచికలు చాలు, ఇంట్లో ఏదో ఒక ఆట డబ్బాలో ఉండేవే. అసలు ఆట వచ్చిన ఏడాదికే పోటీ ఆట వచ్చిందంటే కారణం ఏంటి? పుస్తకంలో ఖాళీలు ఉన్నాయి, ఖాళీలు ఉన్నచోట ఎవడికివాడు పూరించుకున్నాడు.

లాస్ ఏంజలస్‌లో లీ గోల్డ్ అనే ఆవిడ అదే ఏడాది ఒక పత్రిక లాంటిది మొదలుపెట్టింది, పేరు అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్. ఆడేవాళ్లు తమ సొంత రూల్స్, మొన్న రాత్రి ఆటలో జరిగిన కథ, పక్కవాడి రూల్ మీద తిట్లు, అన్నీ టైపు చేసి ఆవిడకి పంపేవారు. ఆవిడ అన్నీ కలిపి కుట్టి అందరికీ తిరిగి పోస్టు చేసేది. దశాబ్దాల తరబడి నడిచింది. చూడబోతే మనం ఇప్పుడిక్కడ చేస్తున్నది కూడా అదే పని, కాకపోతే వాళ్లు స్టాంపులకి డబ్బులు పెట్టుకున్నారు.

జిరాక్సుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. స్టూడెంట్ల దగ్గర పది డాలర్లు లేవు గానీ డిపార్ట్‌మెంట్‌లో జిరాక్స్ మెషీన్ ఉంది.

వరంగల్_విజార్డ్
గివన్నీ సరే గని, అసలు ముచ్చట ఎవ్వరు చెప్తలేరు. 1979 దాంక ఈ ఆట పేరు మామూలు జనానికి తెల్వనే తెల్వదు. ఆ ఆగస్టుల మిషిగన్ స్టేట్ యూనివర్సిటీల ఒక పదహారేండ్ల పోరడు కనవడకుండ పోయిండు. బాగ తెలివైన పిల్లగాడు. యూనివర్సిటీ కింద ఆవిరి పైపుల సొరంగాలుంటయి. ఈ ఆట ఆడుకుంట ఆండ్లకు పోయి చిక్కిండని ఒక ప్రైవేట్ డిటెక్టివ్ అనుమానం చెప్పిండు. ఇగ పేపర్లోళ్లు పండుగ చేసుకున్నరు. పిల్లగాడు నెల తర్వాత లూసియానాల దొరికిండు. ఆట కాదు, వాని బాధలు వానికున్నయి. కని అప్పటికే దేశమంత ఇదేం ఆట అని అడుగుడు షురువైంది. అమ్మకాలు అమాంతం లేచినయి.

అవుట్‌డోర్ సర్వైవల్ లేదు, చెప్పుల దుక్నం లేదు. లొల్లి అయింది, దుక్నం నడిచింది. గంతే.

సంశయాత్మ
వరంగల్ బ్రదర్ చెప్పిందే నాకు ఎక్కింది. ఏ వస్తువైనా పిల్లలకి ప్రమాదం అని పేపర్లో పడితే మర్నాడు పిల్లలందరికీ అదే కావాలి.

పాతపేపర్లు
లొల్లి వల్ల పేరు తెలిసింది, నిజమే. కానీ కొనడానికి వెళ్లినవాడికి కొట్లో ఏం దొరికింది? పాపారావు చదువుతున్న ఆ మూడు పుస్తకాలే దొరికి ఉంటే సగం మంది వెనక్కి ఇచ్చేసేవాళ్లు. 1977లోనే జాన్ ఎరిక్ హోమ్స్ అని న్యూరాలజీ ప్రొఫెసర్ ఒకాయన, అర్థం కావట్లేదు, నేను తిరగరాసిస్తానని ముందుకొచ్చి మొదలుపెట్టేవాళ్లకి బేసిక్ సెట్ తయారుచేశాడు. అదే ఏడాది రాక్షసుల పుస్తకం మాన్‌స్టర్ మాన్యువల్ గట్టి అట్టతో వచ్చింది, 78లో ఆడేవాళ్లకి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 79లో ఆడించేవాళ్లకి డంజన్ మాస్టర్స్ గైడ్. అంటే గొడవ రేగే వేళకి అమ్ముకోవడానికి సరుకు సిద్ధంగా ఉంది. 81లో టామ్ మోల్డ్వే ఇంకా సులువుగా రాశాడు. 83లో ఫ్రాంక్ మెంట్జర్ ఎర్ర డబ్బాతో అయితే పక్కన నేర్పేవాడు లేకపోయినా ఒక్కడే కూర్చుని మొదలుపెట్టొచ్చు. అది బొమ్మల కొట్లదాకా పోయింది.

గొడవ ఒక్కటే చాలదు. 82లో ఒకావిడ కొడుకు ఆత్మహత్య చేసుకున్నాక, ఆటే కారణమని మరుసటేడు ఆవిడ సంఘం పెట్టింది. ఆట మీద దయ్యాల ముద్ర వేసి చర్చీలు, టీవీలు ఏళ్లతరబడి తిట్టాయి. ఆ తల్లి బాధని నేను తక్కువ చేయను గానీ ఆటకీ దానికీ సంబంధం ఎవరూ నిరూపించలేదు. ఆ తిట్ల వల్ల కొన్ని బళ్లలో క్లబ్బులు మూతబడ్డాయి కూడా. లొల్లి అన్నిసార్లూ లాభమే తెస్తుందని చెప్పలేం.

డైస్_దుర్గ
మీరంతా పుస్తకాల దగ్గరే ఆగిపోయారు. అసలు పాచికలు లేకపోతే ఈ ఆటకి ఆ ఆకర్షణ ఎక్కడిది? అంతవరకు పాచిక అంటే ఆరు ముఖాలది. ఇక్కడ నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై. బడులకి లెక్కల సామాను అమ్మే కాలిఫోర్నియా కంపెనీ కేటలాగ్‌లోంచి తెప్పించి అమ్మారు మొదట్లో.

ఆ కాలం పాచికల సెట్టు ఒకటి నా దగ్గర ఉంది, పాతసామాన్ల వేలంలో కొన్నా. ప్లాస్టిక్ మరీ మెత్తన. వాడగా వాడగా మూలలు అరిగి, ఇరవై ముఖాలది దాదాపు గోళీ అయిపోయింది, బల్ల మీద వేస్తే ఒక పట్టాన ఆగదు. అంకెలకి రంగు ఉండదు, ఉత్త గుంటలే. మైనపు క్రేయాన్ తీసుకుని గుంటల్లో రుద్ది, పైన మిగిలింది గుడ్డతో తుడిచెయ్యాలి. ఇరవై ముఖాలున్నా దాని మీద 20 అనే అంకే లేదు, 0 నుంచి 9 వరకు రెండేసిసార్లు ఉంటాయి. అందుకని సగం ముఖాలకి ఒక రంగు, మిగతా సగానికి ఇంకో రంగు రుద్దుకుని, ఈ రంగు పడితే పది కలుపుకోవాలి. నా దానికి ఎవరో ఎరుపు, తెలుపు రుద్దారు. ఎరుపు ఇంకా గుంటల్లో ఉంది, తెలుపు మురికిపట్టి బూడిద రంగైంది.

1979లో గిరాకీ ఎంత పెరిగిందంటే పాచికలు సరిపోలేదు. బేసిక్ సెట్లో పాచికలకి బదులు అంకెల కాగితం ముక్కలు పెట్టి అమ్మారు. కత్తిరించి కప్పులో వేసుకుని కళ్లు మూసుకుని తీయడమే.

ఉప్మా_వ్యతిరేక_సమితి
చిట్టీలు తీసి డ్రాగన్‌ని చంపడం! మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాటరీ ఇంతకంటే రక్తపాతంగా ఉంటుంది.

లెక్కల_మాస్టారు
చిట్టీ తీశాక మళ్లీ కప్పులో వేసి కలపాలి సుమా. వేయకపోతే పందొమ్మిదిసార్లు తీశాక ఇరవయ్యోది ముందే తెలిసిపోతుంది. బద్ధకస్తుల గుంపులో తెలివైనవాడు ఎప్పుడు కొట్టాలో లెక్కేసుకుని కూర్చుంటాడు.

పాచికల_పాపారావు
దుర్గ గారూ, ఆ సెట్టు ఫోటో పెట్టండి ప్లీజ్.

మామయ్యగారూ, మీరు చెప్పింది నచ్చింది గానీ ఒక డౌటు. "తలుపు దగ్గర ఉన్నావు, ఏం చేస్తావు" అనే పద్ధతి ఆ మూడు పుస్తకాల్లో సరిగ్గా కనపడదు. మూడో దాంట్లో ఆడించేవాడికీ ఆడేవాడికీ మధ్య సంభాషణ ఒక నమూనా ఉంది, అంతే. మరి ఆ పద్ధతి ఎవరిది? గైగాక్స్‌దేనా?

పాతపేపర్లు
అయ్యో, అడగరాని ప్రశ్న అడిగావ్. ఇక రాత్రంతా జాగారమే.

1969లో మినియాపోలిస్–సెయింట్ పాల్ ప్రాంతంలో డేవిడ్ వెస్లీ ఒక నెపోలియన్ కాలపు ఆట ఆడించాడు. ఆటలోని ఊరి పేరు బ్రౌన్‌స్టీన్. ఒక్కో ఆటగాడికి సైన్యం కాకుండా ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు, మేయరు, విద్యార్థి నాయకుడు అలా. ఆటగాళ్లు సైన్యాలు వచ్చేదాకా ఆగకుండా వాళ్లలో వాళ్లు గుసగుసలు, బేరాలు, కొట్లాటలు మొదలెట్టారు. ఆట చేయిదాటిపోయిందని వెస్లీ తలపట్టుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడూ అని వెంటపడ్డారు. ఆ గుంపులో ఒకడు డేవ్ ఆర్నెసన్. అతను దాన్ని తీసుకెళ్లి కోటలు, సొరంగాలు, రాక్షసులతో బ్లాక్‌మూర్ అని పెట్టాడు. ఒకే మనిషిగా వారం వారం ఆడటం, అనుభవం పెరిగి బలవంతుడవడం అక్కడిది. ఒక్క దెబ్బకే మనిషి పోతుంటే ఆటగాళ్లు ఏడుస్తున్నారని, ఓడల యుద్ధం ఆటలో ఓడ ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందనే లెక్క తెచ్చి మనుషులకి పెట్టానని ఆర్నెసన్ తర్వాత చెప్పుకున్నాడు. ఇవాళ ప్రతి వీడియోగేమ్‌లో పైన కనపడే ఎర్ర గీత దాని మనవడే.

1972 చివర్లో ఆర్నెసన్ లేక్ జెనీవా వచ్చి గైగాక్స్‌కి ఆడించి చూపించాడు. గైగాక్స్ ఆ నోట్సు అడిగి తీసుకుని, కూర్చుని రాశాడు, పెంచాడు, అచ్చేశాడు.

వరంగల్_విజార్డ్
అంటే ఐడియా ఒకరిది, బ్రాండు ఇంకొకరిది. మనకు కొత్తనా ఇది.

మిల్వాకీ_మామయ్య
అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఆర్నెసన్ నోట్సు అతనికి తప్ప ఎవరికీ అర్థమయ్యేవి కావంటారు. గైగాక్స్ కూర్చుని రాయకపోతే ఆ ఆట ఆ ఊరి కుర్రాళ్లతోనే పోయేది. అతనికి జనాన్ని పోగేయడం తెలుసు. 1968లోనే లేక్ జెనీవాలో హార్టికల్చరల్ హాలు అద్దెకి తీసుకుని ఆటగాళ్ల సభ పెట్టాడు, అదే జెన్ కాన్. వాళ్లిద్దరూ కలిసింది మరుసటి ఏడాది అక్కడే. 85లో అది మా మిల్వాకీకి వచ్చింది, 2002 దాకా ఇక్కడే జరిగేది. నేను వెళ్లా. చొక్కా మీద డ్రాగన్ ఉన్న అరవై ఏళ్ల తాతగారు పన్నెండేళ్ల పిల్లాడితో రూల్ మీద గొంతుచించుకోవడం అక్కడే చూశా. పిల్లాడే గెలిచాడు.

పాతపేపర్లు
ఆర్నెసన్‌కి అన్యాయం జరగలేదంటే మాత్రం ఒప్పుకోను. కొత్త పుస్తకాలకి అడ్వాన్స్‌డ్ అని పేరు తగిలించి, ఇది వేరే ఆట, రాయల్టీ ఇవ్వక్కర్లేదన్నారు. 1979లో కోర్టుకెళ్లాడు, 81లో బయట రాజీ అయ్యారు. గైగాక్స్ గతీ అంతే అనుకోండి, 85లో సొంత కంపెనీలోంచే గెంటేశారు.

సంశయాత్మ
లార్డ్ ఆఫ్ ద రింగ్స్ రాసిన టోల్కీన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? అమెరికాలో 60ల మధ్యలో పేపర్‌బ్యాక్‌లు వచ్చి కాలేజీల్లో అందరి చేతుల్లో అవే. ఆ కథల్లోని పొట్టి మనిషి హాబిట్‌గా ఆడొచ్చు అంటే ఎవడు కాదంటాడు? నా లెక్కలో సగం గిరాకీ ఆ పుస్తకాలదే.

డైస్_దుర్గ
ఆ హాబిట్ ముద్రణల మధ్యలో హాఫ్లింగ్ అయిపోయింది కూడా. హక్కుదార్ల నుంచి నోటీసు రాగానే టోల్కీన్ కథల్లోని నడిచే చెట్టు ఎంట్‌ని ట్రియెంట్ చేసేసి, నిప్పుల రాక్షసుడు బాల్రాగ్‌ని మాయం చేశారు.

గైగాక్స్ మాత్రం టోల్కీన్ ప్రభావం తక్కువే అనేవాడు. 79లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్ వెనకాల తను చదివిన రచయితల పట్టిక ఇచ్చాడు. రాబర్ట్ హోవర్డ్, ఫ్రిట్స్ లీబర్, జాక్ వాన్స్ అంటే తనకి ప్రాణం. మంత్రం ఒకసారి చదివితే మనసులోంచి తుడిచిపెట్టుకుపోయే పద్ధతి వాన్స్ కథల్లోదే. కొనేవాడు టోల్కీన్ కోసం కొన్నాడు, రాసినవాడు వాన్స్ కోసం రాశాడు.

లండన్_లక్ష్మి
ఇంగ్లండ్ కథ ఇంకా తమాషాగా ఉంటుంది. స్టీవ్ జాక్సన్, ఇయన్ లివింగ్‌స్టన్, ఇంకో స్నేహితుడు కలిసి 1975లో లండన్ ఫ్లాట్‌లో గేమ్స్ వర్క్‌షాప్ అనే ఆటల కంపెనీ పెట్టారు. గైగాక్స్ నుంచి ఒక కాపీ వచ్చింది, చూసి వెర్రెక్కిపోయి ఆరు కాపీలు ఆర్డర్ పెట్టారు. ఆ ఆరింటి మీద యూరప్ మొత్తానికి పంపిణీ హక్కులు వచ్చేశాయి! ఆ తర్వాత ఫ్లాట్ ఖాళీ చేయాల్సొచ్చి కొన్నాళ్లు ఆఫీసు బయట వ్యాన్‌లో పడుకున్నారు. (ఈ స్టీవ్ జాక్సన్ వేరు, అమెరికాలో అదే పేరుతో ఆటలు చేసే ఆయన వేరు.)

82లో వాళ్లిద్దరే రాసిన మొదటి ఫైటింగ్ ఫాంటసీ పుస్తకం పఫిన్ వేసింది. నాలుగొందల అంకెల పేరాలు, ఎడమ తలుపు తెరిస్తే ఫలానా పేరాకి పో, కుడిదైతే ఇంకో పేరాకి. గుంపు అక్కర్లేదు, ఆడించేవాడు అక్కర్లేదు, పెన్సిలు, రెండు పాచికలు చాలు. హైదరాబాద్‌లో మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో నేను చదివింది అవే. ముందు తీసుకెళ్లినవాడు తన బలం లెక్క పేజీ మీద పెన్నుతో రాసేసేవాడు. దుర్మార్గుడు.

ఉప్మా_వ్యతిరేక_సమితి
పేజీల మధ్య వేలు పెట్టుకుని, చచ్చిపోతే వెనక్కి వచ్చేవాళ్లు చేయెత్తండి.

లండన్_లక్ష్మి
ఒక వేలా? ఐదు వేళ్లూ పెట్టేదాన్ని.

లెక్కల_మాస్టారు
అదే ట్రావెలర్ అయితే వేళ్లు కూడా కాపాడవు. 1977లో వచ్చిన అంతరిక్షం ఆట. పాత్ర తయారుచేసుకుంటూ ఉండగానే, సైన్యంలో ఇంకో నాలుగేళ్లు చేస్తానని పాచిక వేస్తే, ఆట మొదలవకముందే చచ్చిపోవచ్చు.

ఈ గుంపులో మన వైపుకి కాస్త దగ్గరగా ఉన్న పేరు ఒకటుంది. 1975లోనే టీఎస్ఆర్ వేసిన ఎంపైర్ ఆఫ్ ద పెటల్ త్రోన్. రాసింది ఎం.ఎ.ఆర్. బార్కర్, మిన్నెసోటా యూనివర్సిటీలో దక్షిణాసియా భాషల ప్రొఫెసర్. ఉర్దూ పాఠ్యపుస్తకం రాశాడు, బలూచీకి కూడా ఒకటి రాశాడు.  ఆయన ఆటలో యూరప్ కోటలు ఉండవు. భారతదేశం, మాయా, ఈజిప్టు ఛాయలున్న గుళ్లు, వంశాలు, దేవతలు, తనే కట్టిన భాష. ధర 25 డాలర్లు, అప్పట్లో అది చాలా ఎక్కువ.

పాతపేపర్లు
బార్కర్ గురించి చెప్పేటప్పుడు రెండోది కూడా చెప్పాలి మాస్టారూ. మారుపేరుతో నాజీలని మెచ్చుకునే నవల రాశాడని ఆయన పోయాక 2022లో ఆయన పేరిట ఉన్న సంస్థే ఒప్పుకుంది. ఆ ఆట ఆడేవాళ్లలో చాలామంది పక్కన పెట్టేశారు.

లెక్కల_మాస్టారు
అవును, చెప్పాల్సిందే. అయినా ఆ డబ్బా అమ్ముడుపోయింది చాలా తక్కువ. లోకం ఎంత బాగా కట్టినా, మొదటి రోజు వంశాల చరిత్ర చదివితే గానీ ఆడలేం అంటే జనం రారు. డీ అండ్ డీలో లోకమే ఉండదు. సొరంగం, తలుపు, అంతే. మిగతాది నీ ఇష్టం. నాకైతే గెలిచింది అక్కడే అనిపిస్తుంది.

సంశయాత్మ
మళ్లీ "ఖాళీలే గొప్ప" దగ్గరికే వచ్చాం. రాయడం చేతకాకపోతే దాన్ని గొప్పతనం కింద జమకట్టడం ఏం న్యాయం? అంత గొప్పదైతే హోమ్స్, మోల్డ్వే, మెంట్జర్ ముగ్గురు కూర్చుని ఎందుకు దిద్దారు?

మిల్వాకీ_మామయ్య
దిద్దినవి కోట్లమందికి చేరాయి, దిద్దనిది దిద్దేవాళ్లని తయారుచేసింది. ఆ ముగ్గురూ, ఆ ఫీనిక్స్ ఆయనా అందరూ ఆ గందరగోళం పుస్తకంతో కుస్తీపట్టినవాళ్లే కదా.

వరంగల్_విజార్డ్
మామయ్య డైలాగ్ మస్తుంది. కని కోట్లు ఎక్కడియే, లెక్క చూపియ్యి.

మిల్వాకీ_మామయ్య
సరే బాబూ, లక్షలు అనుకో.

నైట్‌షిఫ్ట్_నాని
ఆలస్యంగా వచ్చా. కంప్యూటర్ల వైపు ఎవరూ చెప్పలేదు. ఇల్లినాయ్ యూనివర్సిటీలో ప్లేటో అనే కంప్యూటర్ సిస్టమ్ మీద 1975కే ఈ ఆట చూసి సొరంగం గేములు రాసేశారు. ఒకదాని పేరు పెడిట్5. పాఠాల ఫైలులా కనపడాలని ఆ పేరు. అడ్మిన్లు పట్టుకుని తీసేయడం, మళ్లీ ఎవరో పెట్టడం. బల్ల దగ్గర అయిదుగురిని పోగేయలేనివాడు మెషీన్ ముందు కూర్చున్నాడు. తర్వాత రోగ్, విజార్డ్రీ అనే కంప్యూటర్ గేములు, అక్కణ్ణుంచి జపాన్. అక్కడ ఇంకో వింత. 86లో కాంప్‌టిక్ అనే కంప్యూటర్ పత్రిక ఒక గుంపు ఆడిన ఆటని మాటకి మాట అచ్చేసింది. ఆడకపోయినా చదవడానికే జనం కొన్నారు. లోడాస్ వార్ అనే ఫాంటసీ నవలలు పుట్టింది దాంట్లోంచే.

డైస్_దుర్గ
ఇప్పుడు యూట్యూబ్‌లో వేరేవాళ్లు ఆడుతుంటే మనం గంటలు గంటలు చూడట్లేదూ, జపాన్ వాళ్లు కాగితం మీద చూశారు.

పాపారావు గారూ, ఫోటో పెడుతున్నా. వెలుతురు సరిగ్గా లేదు, ఎరుపు గుంటలు మాత్రం కనిపిస్తాయి.

పాచికల_పాపారావు
అబ్బ, నిజంగానే గోళీలా ఉంది! ఇది వేస్తే ఏ అంకె పడిందో ఎలా తెలిసేది?

డైస్_దుర్గ
గొడవపడేవాళ్లు.

ఉప్మా_వ్యతిరేక_సమితి
ఎవరైనా తెలుగులో ఆడిస్తున్నారా? నేను దొంగ. ముందే చెప్తున్నా.

మోడరేటర్
ఆట గుంపుల కోసం "జట్టు కావాలి" విభాగంలో రాయండి. అక్కడ ఇప్పటికే ఏడుగురు దొంగలున్నారు, వైద్యుడు ఒక్కడూ లేడు.